మా తోడల్లుడి బీరు

మొన్న శనివారం పొద్దున శాన్ రామన్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. ఫోన్‌ని వంటగది గట్టు మీద దేనికో ఆనించి నిలబెట్టినట్టుంది, నాకు మొదట కనిపించింది దాని మొహం కాదు, ఒక పెద్ద స్టీలు గిన్నె. ఆ గిన్నెను నేనెరుగుదును. ఒక చెవి కింద సొట్ట ఉంటుంది. పదకొండేళ్ళ కిందట షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో, మా తోడల్లుడి ఇంట్లో చూశాను. ఈమధ్య షుగర్ వచ్చి, డాక్టర్ బీరు మానమన్నాక, అతను తన బీరు తయారీ సరంజామా అంతా నాలుగు అట్టపెట్టెల్లో సర్ది మా అమ్మాయికి పంపించేశాడట. నాకు పంపలేదు. పంపితే నేనేం చేసుకునేవాణ్ణన్నది వేరే సంగతి. పంపలేదన్నది మాత్రం చురుక్కున తగిలింది. "నాన్నా, ఇది చల్లారిందా? ఈస్ట్ వెయ్యొచ్చా?" అని అడిగింది మా అమ్మాయి. ఇదే ప్రశ్న, ఇదే గిన్నె ముందు నిలబడి, అప్పట్లో మా తోడల్లుడు నన్ను అడిగాడు. అప్పుడు నేనిచ్చిన జవాబు నాకు ఇప్పటికీ నిద్రలో కూడా గుర్తే.

తోడల్లుళ్ళంటే ఒకే అత్తగారి పంక్తిలో పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు. పక్కవాడి విస్తట్లో ఎన్ని గారెలు పడ్డాయో తల తిప్పకుండానే తెలుస్తుంది. ఆ ఇంటికి ఆరేళ్ళపాటు నేనొక్కణ్ణే అల్లుణ్ణి. నేను వస్తే అత్తగారు కాఫీ రెండుసార్లు వడకట్టి ఇచ్చేవారు. ఆ తర్వాత మా మరదలికి పెళ్ళయి ఇతను వచ్చాడు. వచ్చిన మొదటి రోజే చొక్కా చేతులు మడిచి వంటింట్లో పీట మీద కూర్చుని వంకాయలు తరిగాడు. అల్లుడు వంకాయలు తరగడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. అత్తగారు మురిసిపోయారు. నేను ముందుగదిలో పేపర్ చదువుకుంటూ, రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవాడికన్నా వంకాయలు తరిగినవాడు ఎక్కువెలా అయ్యాడా అని ఆలోచించాను. నా ఆలోచన ఇంకా తెమలలేదు. ఆ మనిషి ఎవరి ఇంటికెళ్ళినా పది నిమిషాల్లో ఫ్రిజ్ తెరిచే చనువు సంపాదిస్తాడు. నేను ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, పక్కింటి వాళ్ళ ఫ్రిజ్ ఏ రంగో చెప్పలేను.

ఇక ఈస్ట్ సంగతి. అది పిసరంత జీవం. చక్కెర తింటుంది, గాలి బుడగలు వదులుతుంది. రొట్టె పొంగినా, బార్లీ నీళ్ళు బీరయినా దాని చలవే. న్యూజెర్సీలో, మా పిస్కాటవే ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక మందుల కంపెనీలో నేను ఉద్యోగమంతా దాన్ని పెంచుతూనే గడిపాను. మనిషెత్తు స్టీలు ట్యాంకుల్లో పెంచి, దాని చేత మందులు తయారు చేయించేవాళ్ళం. దానికి ఎంత వేడి కావాలో, ఎప్పుడు అలుగుతుందో, ఎప్పుడు చస్తుందో నాకు తెలిసినంతగా మా ఆవిడ అలక కూడా తెలియదు. ఇంత తెలిసినవాణ్ణి, మా అమ్మాయి చిన్నప్పుడు "నాన్నా, ఆఫీస్‌లో ఏం చేస్తావు?" అని అడిగితే "మెడిసిన్స్ చేస్తాం, నువ్వెళ్ళి హోమ్‌వర్క్ చేసుకో" అనేవాణ్ణి. అడిగి అడిగి అది ఊరుకుంది. చదువైపోయి ఇరవై రెండేళ్ళకు షికాగోలో ఉద్యోగంలో చేరింది. మేం ఫోన్ చేస్తే "బిజీ, విల్ కాల్" అని మెసేజ్ పెట్టేది. బాబాయి ఇంటికి మాత్రం ప్రతి శనివారం లోకల్ ట్రైన్ ఎక్కి పోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అని నేనంటే, "పొరుగిల్లేమిటి, నా సొంత చెల్లెలిల్లు" అని మా ఆవిడ కొట్టిపారేసేది.

ఆ జనవరిలో సోమవారం కూడా సెలవు కలిసొచ్చి మేమిద్దరం నేపర్‌విల్ వెళ్ళాం. మా అమ్మాయి కూడా శుక్రవారం సాయంత్రమే వచ్చేసింది. శుక్రవారం రాత్రంతా మంచు కురిసి, పొద్దున్నకి ఇంటి వెనక డెక్ అనే చెక్క అరుగు మీద మోకాలి లోతు పేరుకుంది. బయటికి కదిలే వీల్లేదు. వంటింట్లో మా మరదలు ఇడ్లీ పిండి రుబ్బి, ఆ చలిలో పులవదని ఓవెన్‌లో పెట్టి, ఆ కాస్త వేడి కోసం లోపలి లైటు వేసి, ఎవరైనా పొరపాటున ఓవెన్ వెలిగిస్తారేమోనని "పిండి ఉంది" అని చీటీ అంటించింది. ఆ పక్కనే స్టవ్ మీద మా తోడల్లుడు బీరు మొదలుపెట్టాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళు వడకట్టి, అందులో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి గంటసేపు మరిగించాడు. ఇల్లంతా మన పాత ఆయుర్వేదం కొట్టులో వచ్చే వాసన. మా అమ్మాయి పక్కనే స్టూల్ మీద కూర్చుని తెడ్డుతో కలుపుతూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది. "బాబాయ్, వాట్ డజ్ ఈస్ట్ ఈట్? ఇట్ ఈజ్ అలైవ్, రైట్?" అని అడిగింది. "అలైవేనమ్మా. మనలాగే తింటది, గ్యాస్ వదుల్తది" అన్నాడతను. అది పడీ పడీ నవ్వింది. నేను వెనక సోఫాలో కూర్చుని ఉన్నాను. ఈ మాటే నేను వందమంది ముందు స్లైడ్లు వేసి చెప్పినవాణ్ణి. నా కూతురు నాకు వీపు పెట్టి, ఈస్ట్ గురించి ఒక ఐటీ మేనేజర్‌ని అడుగుతోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఉండబట్టలేక మధ్యలో ఒక్క సలహా ఇచ్చాను. మరగడం అయ్యాక అందులో ఎవరూ వేలు పెట్టొద్దు, క్రిములు పడతాయి అన్నాను. "కరెక్ట్, అన్నయ్యగారు సైంటిస్ట్" అని అతను అందరి ముందూ ఒప్పుకున్నాడు. మా అమ్మాయి ఓకే అని మళ్ళీ గిన్నెలోకి చూసింది. నా సలహాకి దక్కింది ఆ ఓకే ఒక్కటే.

మరిగిన నీళ్ళు చల్లారాక ఈస్ట్ వేయాలి. ఇదివరకు అతను బాత్‌టబ్‌లో చన్నీళ్ళు పోసి గిన్నె అందులో దించేవాడట. ఈసారి మంచులో పెడదామన్నది మా అమ్మాయి ఆలోచన. ఇద్దరూ గిన్నెను డెక్ మీద మంచులో పూడ్చి మూతపెట్టి వచ్చారు. వినడానికి బాగానే ఉంటుంది కాని, వేడికి చుట్టూ మంచు కరిగి గుంట పడుతుంది, ఇక గిన్నెకు మంచు తగలదు. లోపలి వేడి లోపలే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. ముప్పావుగంట తర్వాత గిన్నె తెచ్చేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. గట్టు మీద దించుతుంటే నా వేళ్ళు గిన్నె పొట్టకు తగిలి చుర్రుమన్నాయి. చెయ్యి లాక్కున్నాను. ఆ వేడిలో ఈస్ట్ వేస్తే వేసినంతా చస్తుంది.

థర్మామీటర్ ఆ పొద్దునే కిందపడి పగిలింది. వేలు ముంచి చూద్దామంటే నేను వద్దన్నాను. అందుకని అతను గిన్నె అంచు దగ్గర, లోపల నీళ్ళు లేని చోట, చెయ్యి ఆనించి చూశాడు. అక్కడ సహజంగానే గోరువెచ్చగా ఉంది. "సరిగ్గా పాలు తోడుపెట్టే వేడి. మా అమ్మ ఏ థర్మామీటర్ పెట్టి పెరుగు తోడేసింది?" అన్నాడు. ఈస్ట్ ప్యాకెట్ చింపి, నా వైపు తిరిగాడు.

"చాలంటారా, అన్నయ్యగారూ?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అతను అడిగాడు. నోరారా, గౌరవంగా అడిగాడు. మా అమ్మాయి కూడా పొద్దుటినుంచి మొదటిసారి నా వైపు చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని నా కడుపులో ఉన్న మంట ఆ మాటను పైకి రానివ్వలేదు. "నీ బీరు, నీ ఇష్టం. నాకేం తెలుసు?" అన్నాను.

అతను నీళ్ళను మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లోకి పోశాడు. ఆవిరి వచ్చింది. దాన్ని శుభసూచకం అనుకున్నాడు. ఈస్ట్ చల్లి మూత బిగించి, గాలి బయటికి పోయే చిన్న గొట్టం అమర్చాడు. తర్వాత ఇద్దరూ కలిసి, మనవాళ్ళు తోడుపెట్టిన గిన్నెకు కప్పినట్టు, బకెట్ చుట్టూ రగ్గు చుట్టి బేస్‌మెంట్‌లోకి దించారు. మా అమ్మాయి దాన్ని వాటేసుకుని "సో వార్మ్" అంది. నేను టీవీ చూస్తున్నట్టు నటించాను.

ఆదివారం పొద్దున ఓవెన్‌లో ఇడ్లీ పిండి పొంగి గిన్నె అంచు దాటింది. బేస్‌మెంట్‌లో బకెట్ మాత్రం కిమ్మనకుండా కూర్చుంది. ఈపాటికి గొట్టంలోంచి బుడగలు రావాలి. ఒక్కటీ లేదు. మా అమ్మాయి పైజమాతోనే మెట్ల మీద కూర్చుని దానికేసి చూస్తోంది. తను ఆఫీస్‌లో అందరికీ చెప్పుకుందట, సీసాల మీద అంటించడానికి బొమ్మ కూడా గీసుకుందట. "మై ఫాల్ట్. స్నో ఐడియా నాదే కదా" అంది. అతను దాని పక్కన కూలబడి, "కాదమ్మా, నా చెయ్యే మంచిది కాదు" అన్నాడు. అతని మొహంలో ఓటమి చూడాలని నేను కొన్నేళ్ళుగా కోరుకున్నాను. తీరా చూస్తే, ఆ పక్కన నా కూతురి మొహం కూడా అలాగే ఉంది. చేతిలోని ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాను.

నెమ్మదిగా మెట్లు దిగాను. నీళ్ళు పాడవలేదు, ఈస్ట్ ఒక్కటే చచ్చింది, ఇప్పుడు చల్లగా ఉన్నాయి కాబట్టి కొత్తది వేస్తే బతుకుతుంది అన్నాను. ఎందుకు చచ్చిందో చెప్పలేదు. ఆ మంచులో కొట్టుకు వెళ్ళే దారి లేదు. రొట్టెల ఈస్ట్ అయినా చాలు, ఉందా అని మరదల్ని అడిగాను. నాన్ రొట్టెల కోసం తెచ్చినది అలమరలో సగం డబ్బా ఉంది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు చక్కెర కలిపి, అందులో ఈస్ట్ వేసి, బతికే ఉందో లేదో ముందు చూడాలని మా అమ్మాయికి చెప్పాను. ఇద్దరం గ్లాసు ముందు కూర్చున్నాం. పది నిమిషాలకి నురగ మొదలై, గ్లాసు అంచు దాకా లేచింది. దానికి అర్థమయ్యేలా, ఈస్ట్ ఎలా నిద్ర లేస్తుందో, మా ట్యాంకుల్లో ఎన్నిసార్లు నన్ను ఏడిపించిందో చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. అది కదలకుండా వింది.

"నీకివన్నీ తెలుసా, నాన్నా?"

"ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదే కదమ్మా."

"నువ్వు ఎప్పుడూ చెప్పలేదు."

గ్లాసు తీసుకెళ్ళి బకెట్‌లో వంచాం. సాయంత్రానికి గొట్టంలో బుడగ లేచింది, ఇంకోటి లేచింది. మా తోడల్లుడు ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. మూడు వారాల తర్వాత సీసాలు విప్పితే ఆ బీరు తడిసిన బ్రెడ్డులా ఉందట. అయినా ఆ రోజునుంచి ఎక్కడ నలుగురు చేరినా, తన బీరు చచ్చిపోతే అన్నయ్యగారు ప్రాణం పోశారని అతనే చెబుతాడు. చెప్పినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు. మా అమ్మాయి మాత్రం అప్పటినుంచి ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తోంది.

మొన్న శనివారం దాని ప్రశ్నకి, "థర్మామీటర్ లేదా?" అన్నాను. "ఉంది. జస్ట్ నిన్ను అడుగుతున్నా" అంది. గిన్నె పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. వేడిగానే ఉందంది. "అయితే ఇంకో గంట ఆగు" అన్నాను. ఆ ఫోన్ పెట్టేశాక ఇంక ఆగలేక నేపర్‌విల్‌కి చేశాను. ఆ రోజు గిన్నె కాలుతోందని నాకు తెలుసు, తెలిసే చెప్పలేదు, నా కూతురు నీ పక్కన కూర్చుందని కుళ్ళుకున్నాను అని మొత్తం చెప్పేశాను. అతను నెమ్మదిగా నవ్వాడు.

"మీరు చెయ్యి లాక్కోవడం చూశాను అన్నయ్యగారూ. అప్పుడు తోచలేదు గాని, పొద్దున బుడగలు రాకపోయేసరికి గుర్తొచ్చింది. పోనీలెండి. నేనూ ఒకటి దాచాను. ఫ్రిజ్‌లో ఇంకో బీరు ఈస్ట్ ప్యాకెట్ ఉండింది, ఆవకాయ సీసా వెనక."

"మరి రొట్టెల ఈస్ట్ వేస్తుంటే ఊరుకున్నావేం?"

"మీరిద్దరూ గ్లాసు ముందు కూర్చున్నారు కదా. అది అన్నీ అడుగుతోంది, మీరు చెప్తున్నారు. మధ్యలో నా ప్యాకెట్ ఎందుకని."

ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగితే, నీ చెల్లెలి మొగుడు మంచివాడే అన్నాను. "ఇప్పుడు తెలిసిందా?" అని లోపలికి వెళ్ళిపోయింది. వంకాయల్లో గెలిచాడు, బీరులో గెలిచాడు, చివరికి ఇందులోనూ గెలిచాడు. అబద్ధమెందుకు, ఇప్పటికీ కొంచెం కుళ్ళుగానే ఉంది. ఆ బీరు మూడు వారాల్లో తయారైంది. అది చేసిన మనిషి నాకు అర్థం కావడానికి పదకొండేళ్ళు పట్టింది.