అమ్మ మంచానికి దారి తెలియని బండి

నాందేడ్‌లో మాది గిన్నెల దుకాణం. గల్లా మీద కూర్చునేవాడి జేబులో అయస్కాంతం ఉండి తీరాలి. పెళ్లి సామాను కొనడానికి కుండల్‌వాడి ఊరి నుంచి జీపు నిండా వచ్చే జనం మన మాట నమ్మరు, గిన్నెకు అయస్కాంతం పెట్టి చూపించమంటారు. అంటుకోకపోతే మంచి స్టీలు, అంటుకుంటే నాసిరకం. పాత రేడియో స్పీకరులోంచి తీసిన బరువైన అయస్కాంతాన్ని మా నాయన నా జేబులో వేసి మరీ నన్ను గల్లా మీద కూర్చోబెట్టాడు. దాని బరువుకు నా చొక్కాలన్నీ ఒక పక్కకు వేలాడుతుంటాయి. అది ఉందన్న సంగతి కూడా నాకు గుర్తుండదు.

యాభై దాటాక నాకు రోబోల పిచ్చి పట్టుకుంది. దానికి కారణం మా అమ్మ.

అమ్మ జారిపడి, తుంటి విరిగి, మంచం పట్టింది. మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు గదిలో అమ్మ మంచం, చిట్టచివర వంటిల్లు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. రోజంతా ఛాయ్ మీదే బతికిన అమ్మ, కోడలిని అంత దూరం నడిపించడం ఇష్టం లేక పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగి ఊరుకునేది. ఇంకోటి తెమ్మంటావా అని అడిగితే, "వద్దు బిడ్డా, అలవాటు తప్పింది" అనేది. పచ్చి అబద్ధం. వంటింట్లో అల్లం దంచిన చప్పుడైతే చాలు, ఆమె తల అటు తిరిగేది. అది చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

అందుకే నాలుగు చక్రాల ఛాయ్ బండి కట్టాను. అమ్మ మంచం దగ్గర మీట నొక్కితే వంటింట్లో గంట మోగుతుంది. నా భార్య మూత ఉన్న స్టీలు గ్లాసును బండి మీద పెట్టి పంపిస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, మోటార్లలో ఒకటి చురుకు, ఒకటి బద్ధకం. బండి పక్కకు లాగి గోడకు ముక్కు రాసుకునేది. నేల మీద నల్ల టేపు అంటిస్తే ఆ గీత వెంట పోతుంది కదా అన్నాను.

"నా ఇంట్ల నేల మీద గీతలా? మీరే తుడుసుకోండ్రి" అని నా భార్య తేల్చేసింది.

ఇక మిగిలింది డిజిటల్ దిక్సూచి. గోరంత పలక మీద చిన్న చిప్పు. ఉత్తరం ఎటుందో అది చెబుతుంటే, బండి తన వంకర తానే సరిచేసుకుంటుంది. నేను చెంచా కొన్నా బేరమాడే మనిషిని. ఆన్‌లైన్‌లో బేరమాడటానికి ఎదుట ముఖమే లేదు, కాబట్టి అన్నిటికంటే చవకది తెప్పించాను. పలక మీద ఒక చిప్పు పేరు, లోపల ఉన్నది ఇంకో చిప్పు. మా బజారులో ఎవడైనా ఇలా అమ్మితే చొక్కా పట్టి లాగేస్తారు. తిట్టుకుంటూనే దానికి తగ్గట్టు ప్రోగ్రామ్ మార్చి రాశాను.

దుకాణం మూసి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా బండిని నేల మీద పెట్టాను. బయలుదేరే ముందు అది తన చుట్టూ తాను ఒకసారి తిరిగి దిక్కు చూసుకుంటుంది. నేను వంగి వెంటే నడిచాను. అమ్మ దగ్గరికి పోవాల్సింది దేవుడి గూటికి పోయింది. మోటార్ల ప్రభావమేమోనని చిప్పును ప్లాస్టిక్ పుల్ల మీద ఎత్తి పెట్టాను. ఈసారి బీరువాకు మొక్కింది. బీరువాను పక్క గదిలోకి నెట్టించాను. కొంచెం మెరుగైన చిప్పు తెప్పించాను, తర్వాత ఇంకా ఖరీదైనది. అదైతే చెప్పుల స్టాండును వదల్లేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది మీ కత" అంది నా భార్య.

పుణెలో ఉన్న అమ్మకందారుకు ఫోన్ చేసి దులిపేశాను. అతను ఓపికగా విని, "కాకా, జవళ్ చుంబక్ ఆహే కా?" అన్నాడు, దగ్గర్లో అయస్కాంతం ఏమైనా ఉందా అని.

"నాహీ" అన్నాను ఠక్కున. ఇంట్లో అయస్కాంతం ఎందుకుంటుంది, అది దుకాణంలో వస్తువు కదా.

ఒకసారి బండిని వదిలాక వీధిలోంచి ఎవరో పిలిస్తే బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది అమ్మ మంచం కోడును ఆనుకుని ఉంది. "మంచిగనే అచ్చింది కొడుకా, నువ్వే సూడలె" అంది అమ్మ. నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను.

చివరికి ఒక సాయంత్రం విసుగొచ్చి, దాన్ని విప్పి పారేద్దామని అమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను.

"ఉండనియ్ రా. ఛాయ్ లేకుంటె సచ్చిపోతనా?" అంది అమ్మ. ఆ మాటతో నాకు మరీ కష్టమనిపించింది. బండి మీదికి వంగి దాని మరమేకు తిప్పాను. వదులైన మర చేతికి రాలేదు. ఎగిరి మాయమైంది.

"నీ జేబు మీద గదేంది?" అంది అమ్మ.

చూసుకున్నాను. మర నా జేబుకు అతుక్కుని నిటారుగా నిలబడి ఉంది.

వంటింట్లోంచి వచ్చిన నా భార్య జేబును చూసింది, నన్ను చూసింది, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అమ్మ తుంటి పట్టుకుని నవ్వింది. మంచం పట్టిన తర్వాత ఆమె అంత నవ్వు నవ్వడం నేను చూడలేదు.

"సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టున్నది రా. మీ నాయిన సూస్తె నిన్ను గల్లా మీదికెళ్లి లేపుతుండె."

సిగ్గుపడుతూ అయస్కాంతాన్ని తీసుకెళ్లి బయట మెట్ల మీద పెట్టొచ్చాను. బండికి మర బిగించాను. నాలోని వ్యాపారి ఊరుకోడు కదా, ఖరీదైన చిప్పు తీసేసి మొదటి చవక చిప్పునే మళ్లీ తగిలించాను. వంటింట్లో నా భార్య గ్లాసు పెట్టి వదిలితే, అది ఒక చుట్టు తిరిగి, పొడుగాటి ఇల్లంతా దాటుకుంటూ, నేను పక్కనే నడుస్తున్నా ఎటూ తొంగిచూడకుండా నేరుగా అమ్మ మంచం దగ్గరికి వచ్చి ఆగింది.

అమ్మ గ్లాసు తీసుకుని, మూత తీసి, ఊదుకుంటూ చివరి చుక్కదాకా తాగింది. ఖాళీ గ్లాసును బండి మీద పెట్టి వెనక్కి పంపింది. అది వంటింట్లోకి చేరిందో లేదో, మళ్లీ మీట నొక్కింది. లోపల గంట మోగింది.

"ఏమాయె అత్తమ్మా?" అని నా భార్య అక్కడినుంచే అడిగింది.

"ఏం లేదు బిడ్డా. ఇంకోటి పంపియ్. ఈపాలి జర అల్లం ఎక్కువెయ్యి."