భోజనాల ఫోటోలో లేని మరియమ్మ

2023లో, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. నల్లపాడు దగ్గరున్న ఒక ఉచిత వృద్ధాశ్రమానికి నెలనెలా వెళ్లేదాన్ని. నేను పారా లీగల్ వాలంటీర్‌ని. అంటే వకీలుని కాదు. కోర్టు గడప తొక్కడం తెలియని పేదవాళ్లకి వాళ్ల హక్కులేమిటో చెప్పి, అవసరమైతే అర్జీ రాసిపెట్టే మనిషిని. మా ఆయన దృష్టిలో మాత్రం ఊళ్లోవాళ్ల తగాదాలన్నీ నెత్తికెత్తుకునే మనిషిని.

ఆశ్రమం విరాళాల మీద నడిచేది. పుట్టినరోజనీ, పెళ్లిరోజనీ, పెద్దల సంవత్సరీకమనీ ఎవరో ఒకరు భోజనాలు పెట్టేవారు. దాత ఒక గరిటె వడ్డించేవాడు, పెద్దవాళ్లంతా కెమెరా వైపు చూడాలి, ఆ తర్వాతే ముద్ద. ఫోటోలు అప్పటికప్పుడు వాట్సాప్‌లో వెళ్లిపోయేవి.

ఆ నెల నేను వెళ్లేసరికి మరియమ్మ గుడ్డలు మూటగట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తిలోంచి గింజ వేరుచేసే చోట, ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ పనిచేసింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, అద్దె గది ఎప్పుడో వదిలేసింది. ఇక్కణ్ణుంచి కదిలితే చర్చి అరుగే గతి.

“ఏం పెద్దమ్మా, ప్రయాణమా?” అన్నాను.

“ఫోటో తీసేటప్పుడు మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నానమ్మా. ఆదివారం కూడా ఇట్టాగే చేస్తే వేరే చోటు చూసుకోమన్నారు మేనేజరు గారు. ఆయన చేత మళ్లీ చెప్పించుకోవడం ఎందుకని సర్దుకున్నా.”

“అడ్డం ఎందుకు పెట్టుకున్నావు?”

“మిల్లులో నాతోపాటు చేసిన కోటమ్మ ఫోన్ చేసింది. ‘నా మనవడి ఫోన్లో నీ బొమ్మ చూశానే, అన్నానికి చెయ్యి చాపతన్నావు’ అంది. ఇంక ముద్ద దిగలా. అన్నం వాళ్లదేనమ్మా, కాదన్ను. నోరు నాది కదా. అది కూడా వాళ్లదేనా?”

నాకు కళ్లు చెమర్చాయి, వెంటనే ఒళ్లు మండింది. ఆ మంటతోనే మేనేజరు రాఘవరావు గారి గదిలోకి వెళ్లాను. ఆయన చెడ్డవారు కారు. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా తన స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి. ఆయనకి కన్సెంట్ గురించి చెప్పాను, అంటే ఫోటో తీసేముందు ఆ మనిషిని అడిగి సరేననిపించుకోవడం. ఈ వంకతో ఆవిణ్ణి రోడ్డు మీదికి పంపితే, పెద్దవాళ్ల గోడు వినే ట్రైబ్యునల్‌కి, అంటే ఆర్డీవో గారి దగ్గరికి, అర్జీ పట్టుకెళ్తానని కూడా చెప్పాను.

“చట్టం బియ్యం పంపుద్దా మేడం?” అన్నారాయన. “ఫోటో లేకపోతే దాత రాడు. దాత రాకపోతే పొయ్యి వెలగదు. ఒక్కావిడ కోసం అందర్నీ పస్తు పెట్టమంటారా?”

చట్టం బియ్యం పంపదు, నిజమే. “అయితే దాతనే అడుగుదాం” అన్నాను. ఆదివారం భోజనాలు పెట్టేది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒకాయన భార్య. స్పీకర్ పెట్టి ఆవిడకి ఫోన్ చేసి, సంగతి చెప్పాం.

“ఫోటోలు మేమెప్పుడడిగామండీ?” అందావిడ. “మీరు పంపిస్తుంటే ఇక్కడ పద్ధతి అదేమో అనుకున్నాం. మా మామగారి సంవత్సరీకం అది. తినేవాళ్ల మొహంలోకి చూస్తే దిష్టి తగులుద్దని ఆయన మమ్మల్ని కసిరేవారు. మేమేమో ఆయన పేరు చెప్పి ఫోటోలు తియ్యనిస్తన్నాం.”

రాఘవరావు గారు ఫోన్ పెట్టేశారు. “అందరూ ఈవిడలా ఉండరు మేడం” అన్నారు. అదీ నిజమే. ఆ తర్వాతెప్పుడో ఒక దాత అందరి ఫోటో లేకపోతే రానన్నాడు, రాలేదు కూడా. ఆ పూట ఆశ్రమంలో చారుతో సరిపెట్టుకున్నారు. ఆ రోజు మాత్రం, ఇకనుంచి అడిగే తీస్తామని, వద్దన్నవాళ్లని పొమ్మనమని రాఘవరావు గారు నాకు మాటిచ్చారు.

ఆ ఆదివారం ఎలా జరుగుతుందో చూద్దామని నేనూ వెళ్లాను. రాఘవరావు గారు ఫోన్ పట్టుకుని వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. మా సోగ్గాడు సుబ్బయ్య తాత “ఆగు బాబూ, తల దువ్వుకోనీ” అని, ఒకటి చాలక రెండు తీయించుకున్నాడు. మరియమ్మ విస్తరి దగ్గరికొచ్చాక ఆయన వంగి, “మరియమ్మ గారూ, మీకు తియ్యమంటారా?” అన్నారు. ఆయన నోట ఆవిడ పేరు పక్కన ‘గారు’ వినడం నాకదే మొదటిసారి.

“వద్దు బాబూ” అంది మరియమ్మ, పప్పు కలుపుకుంటూ.

ఆయన పక్క విస్తరి దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఇప్పుడు కొత్త వాలంటీర్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు, హక్కంటే ఏమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చట్టంలో సెక్షన్లు తర్వాత చదువుకుందురు గానీ, ముందు ఇది తెలుసుకోండి అంటాను. ‘వద్దు’ అన్నాక కూడా మనిషిని విస్తరి ముందునుంచి ఎవరూ లేపకపోవడం.