బల్ల ఎత్తున

ఆ అమ్మాయి మోకాళ్ళు కాయలు కాచిపోయాయి. హోటళ్ళకు వంటకాల ఫొటోలు తీసి బతికే ఆమె, ప్రతి పళ్ళెం ముందూ మోకరిల్లి గడ్డాన్ని బల్ల అంచుకు ఆనిస్తుంది. తెల్లని అట్టముక్కలు చుట్టూ నిలబెట్టి, కిటికీలోంచి వచ్చే వెలుతురును పసిపిల్లను నడిపించినట్టు మెల్లగా నీడలోకి నడిపిస్తుంది.

ఆ ఉదయం ఒక హోటలాయన, హోటలు వంటంతా తానే వండే మనిషి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. "ఏంటి తల్లీ, అంత వంగి చూస్తున్నావు? సూపులో ఏమన్నా పడిందా? పక్క హోటలు బోర్డు మీది ఫొటోలో వంటకం ఎలా మెరుస్తోందో చూడు. దీనిమీదా కాస్త నూనె పోసి రంగు కలుపు. లేదంటే ఇంకొకరిని పిలుచుకుంటా." రెండు నెలల తర్వాత ఆమెకు దొరికిన పని అది. ఆమె లేచి కుర్చీ జరిపింది. "ఒక్కసారి ఇక్కడ కూర్చుని వంగి చూడండి బాబాయ్. తర్వాత మీ ఇష్టం." "నా హోటల్లో నేను కూర్చోవడమా!" అని నవ్వుతూనే కూర్చుని, బల్లకు గడ్డం ఆనించాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన తన వంటను నిలబడి, పైనుంచే చూశాడు. ఇప్పుడది కళ్ళెదుట కొండలా ఉంది. ఎర్రటి సూపు మీది ఆవిరి వెలుగులో పోగులు పోగులుగా విడిపోతోంది. గిన్నె అంచున జారని చుక్కలో తెల్లవారుతోంది. "ఇది నేను వండిందేనా?" అన్నాడు గొంతు తగ్గించి. ఆయన భుజం పక్కనుంచి ఆమె ఆ గిన్నెను ఫొటో తీసింది. ఆయన గమనించలేదు, నూనె మాట మళ్ళీ ఎత్తలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని, ఆకలిగొన్న అతిథిలా వచ్చి ఆ గిన్నె ముందు కూర్చున్నాడు.