అమ్మవారికి ముఖం దిద్దినవాడు

ఆ వీధుల్లో బోర్డులు రాసే పెయింటరు చెయ్యి పడని దుకాణం లేదు. అక్షరాల్లో అతనికి తిరుగులేదు గానీ, ముఖాలంటే మాత్రం చేతులెత్తేసేవాడు. అలాంటివాడికి, వందల ఏళ్ళనాటి సముద్రపు అమ్మవారి గుడిలో, ద్వారం పైనున్న విగ్రహానికి ముఖం దిద్దే పని దొరికింది. ఉప్పుగాలికి పాత రంగులన్నీ ఊడిపోయాయి. పాత ముఖం ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

"కఠినంగా ఉండాలయ్యా. చూడగానే సముద్రం నోరు మూసుకోవాలి," అన్నాడు పూజారి.

నోరు మూయించే ముఖం పెయింటరుకు లోకంలో ఒక్కటే తెలుసు. అది అతని ఇంట్లోనే ఉంది. ఇంకేం ఆలోచించకుండా దాన్నే దించేశాడు.

పని బ్రహ్మాండంగా కుదిరింది. ఆ సంగతి భార్య చెవిన పడ్డాకే అసలు గొడవ మొదలైంది. గుడికి తీసుకెళ్ళమని ఆమె అడగడం, అతను కుంటిసాకులు వెతుక్కోవడం. పరంజా విప్పలేదన్నాడు. మోకాలు పట్టేసిందన్నాడు. చివరికి రంగు ఆరలేదన్నాడు.

"ఆర్నెల్లయింది. సముద్రంలో గాని ముంచి తీశారా ఏంటి?" అంది ఆమె.

ఆమె దగ్గర అతని పప్పులు ఎప్పుడుడికాయి గనక. ఆదివారం పొద్దున్నే చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. పోల్చుకుందంటే తన గతేం కాను అని దారి పొడుగునా అతనికి ఒకటే బెంగ.

గుడి ముందు వలలు బాగుచేసే ముసలామె ఒకతె వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది: "ఈ మొహం వచ్చాక సముద్రం కిమ్మనడం లేదు. నాకే చూస్తే భయమేస్తుంది."

పెయింటరు మెల్లగా స్తంభం చాటుకు జరిగాడు. భార్య తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవర్ని చూసి వేశారు?"

"ఊహించి వేశాను," అన్నాడు.

"ఊహలోకి ఎడమ కనుబొమ్మ మీది గాటు కూడా వచ్చిందా?"

ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. కానీ ఆమె వేళ్ళతో తన కనుబొమ్మను ఒకసారి తడుముకుని, గొంతు తగ్గించి అడిగింది.

"నాకు కోపమొస్తే మీరు తలొంచుకుని భోంచేస్తారు కదా. ఇంత బాగా ఎప్పుడు చూశారు?"

పెళ్ళైన నాటి నుంచీ ఓరకంట చూస్తూనే ఉన్నానని చెప్పడానికి, ఈ వయసులో, అతనికి చచ్చేంత సిగ్గేసింది.

"బస్సుకి టైమైంది," అన్నాడు.

"తర్వాతి బస్సుకి పోదాం లెండి," అంది ఆమె, పైకి చూస్తూనే.