ఎండాకాలంలో వరద కాపలా

మా మామ బ్యాండేజీ గుడ్డల వ్యాపారాన్ని వరదల నుంచి కాపాడే పని ఒకప్పుడు నా చేతికి వచ్చింది. అంతకుముందు ఏ వానా, ఏ గాలీ ఆ వ్యాపారానికి చేయలేని నష్టం నేను ఒక్క రోజులో చేసి చూపించాను. ఎలాగో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్లు ఇంకా ఆపలేదు.

రాజపాళయంలో మామకు మరమగ్గాల షెడ్డు ఉంది. గాయాలకు కట్టే పల్చటి గుడ్డ నేస్తారు. తెలుపు చేశాక దాన్ని కొండవైపు ఖాళీ స్థలంలో బారుగా కట్టిన తాళ్లమీద ఆరేస్తారు. కోయంబత్తూరులో మేనేజ్‌మెంటు చదివొచ్చి ఆఫీసులో చేరిన కొత్తలో నేను ఎక్కువసేపు ఆ గుడ్డల మధ్యే ఉండేవాణ్ణి. గాలి వీస్తే అవి మెల్లగా లేచి, మళ్లీ మెల్లగా దిగేవి. వెనక కొండ కాసేపు కనిపించి, కాసేపు మాయమయ్యేది. అక్కడ నిలబడి ఆలోచిస్తున్నానని నేను అనుకునేవాణ్ణి. నిలబడి నిద్రపోతున్నానని మామ అనుకునేవాడు.

ఆ ఏడు కార్తీక మాసపు వానలకు పక్క జిల్లాలో ఊళ్లు మునిగాయి. మా దగ్గర గుడ్డ కొనే మదురై ఆసుపత్రివాళ్లకు గుబులు పుట్టింది. రేపు మీ గోడౌను మునిగితే మాకు గుడ్డ ఎలా పంపుతారు, దానికి ఏర్పాటు చూపిస్తేనే వచ్చే ఏటి ఆర్డరు అని కబురు పెట్టారు. ఆ ఆర్డరు పోతే మామ షెడ్డులో సగం మగ్గాలు ఆగిపోతాయి.

"అబ్బీ, చదివినోడివి. ఏదన్నా చెయ్. వాళ్లు వచ్చి చూసేటప్పుడు సరిగ్గా ఉండాల" అన్నాడు మామ.

"నువ్వు నిమ్మళంగా ఉండు మామా. సామానంతా ఒకే చోట ఉంటేనే గదా మునిగేది? మన చుట్టాల ఇండ్లలో తలా కొంచెం దాచిపెడదాము."

చెప్తూ చెప్తూనే నాకు వరద కళ్లముందు వచ్చేసింది. నేను పడవలో నిలబడి ఉన్నాను. ఒక్కో ఊళ్లో ఒక్కో తలుపు తెరుచుకుని తెల్లటి గుడ్డ కట్టలు, అవే మా బేళ్లు, నా పడవలోకి వస్తున్నాయి. ఒడ్డున కలెక్టరు శాలువా పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అంత వరదలోనూ నా క్రాపు తడవలేదు.

వ్యాను వేసుకుని బయలుదేరాను. సేత్తూరు అత్త ఇంట్లో కొన్ని బేళ్లు, తళవాయిపురం చిన్నమ్మ ఇంట్లో కొన్ని, మంసాపురం పెద్దయ్య ఇంట్లో ఒకటి దించాను. "వెళ్ళం వచ్చినప్పుడు వచ్చి తీసుకుంటాను" అని చెప్పాను. మావాళ్లు వరదను అరవంలోలాగే వెళ్ళం అంటారు. ప్రతి ఇంట్లోనూ భోంచేసి, కాసేపు వాలి, తిరిగొచ్చాను. ఆ తర్వాత మళ్లీ ఒక్కసారైనా వెళ్లి చూశానా? మీరు నన్ను బాగానే అర్థం చేసుకున్నారు.

మండే చిత్తిరై నెలలో, అంటే నడివేసవిలో, ఆసుపత్రి తరఫున తనిఖీకి ఒక మేడం వచ్చారు. నల్ల కళ్లద్దాలు, తక్కువ మాటలు. ఆవిడ తమిళంలో అన్నవి ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

మొదట సేత్తూరు. అత్త ఇంటి అటకమీద బేళ్లు నిండుగా, ముద్దుగా కూర్చున్నాయి. నేను గర్వంగా చెయ్యి చూపించాను. మేడం ఒకదాన్ని వేలితో పొడిచారు. వేలు లోపలికి పోయింది. విప్పితే దిండ్లు, పాత బొంతలు.

"అత్తా! గుడ్డ ఏది?"

"తోపులో ఉంది, పో."

తోపులోకి వెళ్లాం. అయ్యా, ఏం చెప్పను! కాయలున్న ప్రతి మామిడి కొమ్మకూ తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. ఎండ ఆ గుడ్డల్లోంచి వడకట్టుకుని పాలలాగా కిందికి దిగుతోంది. గాలికి చెట్లన్నీ ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి. నేను ఆర్డరు మరిచిపోయాను, మేడంను మరిచిపోయాను.

"ఎంత బాగుందో!" అన్నాను పైకే. మేడం కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"ఏంది అత్తా ఇట్లా చేసినావు?" అన్నాను గొంతు మార్చి.

"వెళ్ళం వస్తే గదా నీకు కావాలంటివి! వానే లేదే అబ్బీ. గబ్బిలాలు మాత్రం దినమూ వస్తా ఉండాయి."

"మరి దిండ్లెందుకు పెట్టినావు?"

"బేలు చిక్కిపోయిందని నువ్వు బాధపడతావని."

తళవాయిపురంలో చిన్నమ్మ చేసింది దాచిపెట్టలేదు, దాచవలసిన పని చేశానని ఆమెకు అనిపించనే లేదు. మిద్దెమీద వడియాల పైన మా గుడ్డ. కిటికీలకు దోమలు రాకుండా మా గుడ్డ. నడిమింట్లో మనవడి ఉయ్యాల కూడా మా గుడ్డే. వాడు అందులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"మెత్తంగా ఉంది అబ్బీ, పడుకోబెట్టగానే నిద్రపోతా ఉండాడు. ఇప్పుడు విప్పేదా?" అంది చిన్నమ్మ.

"వద్దు, లేస్తాడు" అన్నారు మేడమే, గొంతు తగ్గించి.

అప్పుడే మామ ఫోను.

"చూసినారా?"

"చూసినాము మామా."

"ఎట్లుంది?"

"ఉయ్యాల బాగుంది మామా."

"ఏ ఉయ్యాల?"

సిగ్నలు లేనట్టు నటించి పెట్టేశాను. ఆగిపోయిన మగ్గాల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మామ నా కళ్లకు కట్టినట్టు కనిపించాడు. ఈసారి కల కాదు.

కారెక్కుతూ మేడం అన్నారు. "ఇంకొక్కటే మిగిలింది కదా? అదైనా శుభ్రంగా ఉంటే మీకు గడువు రాస్తాను. ఆర్డరు పోదు."

మంసాపురంలో పెద్దయ్య, అంటే మా నాన్నకు అన్న, ఇంటి ముందు పంచలో మంచం వేసుకుని కూర్చున్నాడు. మంచంమీద, ఆయన పక్కనే, బేలు! వేసిన కట్టు వేసినట్టే ఉంది. పైన దుమ్ము కూడా లేదు, రోజూ తుడుస్తాడట. నాకు ఆయన కాళ్లమీద పడాలనిపించింది.

"పెద్దయ్యా, ఆ బేలు ఇయ్యి, మేడం విప్పి చూడాల."

"వెళ్ళం వచ్చిందా?"

"లేదు."

"అట్లయితే ఇయ్యను."

"నేనే గదా నీకు ఇచ్చింది!"

"నువ్వే గదా చెప్పింది! వెళ్ళం వచ్చేదాకా ఎవురికీ ఇయ్యొద్దు, నేనే వచ్చి అడిగినా ఇయ్యొద్దని కర్పూరం ముట్టించి ప్రమాణం చేయించినావే!"

చేయించాను. ఆ రోజు పాయసం రెండోసారి వేయించుకున్నాక నాకు అలాంటి ఆవేశం వచ్చిన మాట నిజమే.

మామకు ఫోను చేసి పెద్దయ్య చెవిదగ్గర పెట్టాను. "బావా, నేను చెప్తా ఉన్నాను, ఇచ్చేయ్!" అని మామ అరుపు పంచంతా వినిపించింది.

"నీమీద ప్రమాణం చెయ్యలేదు బామ్మర్దీ, కర్పూరంమీద చేసినాను" అని పెద్దయ్య ఫోను నా చేతికిచ్చాడు.

మేడం గడియారం చూసుకున్నారు. నేను వాకిలి చూశాను. వాకిలి చివర బావి, బావిమీద మోటారు. నా బుర్రలో పాత పడవ మళ్లీ కదిలింది.

వెళ్లి స్విచ్చి వేసి, గొట్టం వాకిట్లోకి తిప్పాను. నీళ్లు గలగలా వచ్చిపడ్డాయి. కోళ్లు గోడెక్కాయి.

"పెద్దయ్యా, వెళ్ళం వచ్చింది!"

ఆయన పంచలోంచి వంగి చూశాడు. "పాదం మునగలేదే."

ఆగాను. ఎర్రటి వాకిలి నెమ్మదిగా చెరువైంది. అందులోకి ఆకాశం దిగింది. తడిమట్టి వాసనకు నడివేసవి కాసేపు చల్లబడింది. మేడం చెప్పులు విప్పి నీళ్లలో నిలబడ్డారు. నిజం చెబుతున్నాను, నాకు ఎంతో సంతోషంగా ఉండింది.

పెద్దయ్య దిగి, చీలమండ తడిసేదాకా చూసుకుని, "సరి. ఇది వెళ్ళమే" అని తీర్పు చెప్పాడు. ఆయనే కట్టు కోసి, కవరు తీసి చూపించాడు. "చూసుకోండమ్మా, ఒక్క పోగు పోలేదు." మల్లెపూవులా ఉంది గుడ్డ. మేడం మొదటిసారి నవ్వారు.

"బాగుంది. నమూనాకు కారులో పెట్టించండి."

పెట్టించడమెందుకు, నేను లేనూ? బేలును భుజానికెత్తుకుని, కలెక్టరు శాలువా కప్పినంత హుందాగా, నేను తెప్పించిన వరదలోకి అడుగుపెట్టాను. ఎర్రమట్టి బురద. కాలు ఒకవైపు పోయింది, నేను ఒకవైపు, బేలు మూడోవైపు. అది పంచ దగ్గర్నుంచి వీధి గేటు దాకా విప్పుకుంటూ దొర్లింది. తెల్లగా వెళ్లింది, ఎర్రగా ఆగింది.

మేడం చెప్పులు వేసుకున్నారు. సంచిలోంచి కాగితం తీశారు.

"వరదకు సరుకు పాడైన ఊళ్లు చూశాను సార్. సరుకు పాడవడానికి వరదను పిలిపించినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను. ఇందులో ఒక గడి ఉంది, ఈ వ్యాపారానికి ముప్పు దేనివల్ల అని. వాన, గాలి, నిప్పు అని అచ్చువేశారు. మీ పేరు చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాను. ఇనిషియలుతో సహా.

ఆ ఏడు ఆర్డరు రాలేదు. సగం మగ్గాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో షెడ్డు దాటాలంటే నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. మామ తిట్టలేదు. "సామాను ఎవురింట్లో పెట్టాల్నో ఇప్పుడు తెలిసింది. నిన్ను ఎక్కడ పెట్టాల్నో తెలీలేదు" అన్నాడంతే. మరుసటేడు బేళ్లన్నీ పెద్దయ్య ఇంటికి చేరాయి, ఆయన్ని చూసి ఆర్డరు తిరిగొచ్చింది.

కనుక సమస్త జనులకూ ఇందుమూలంగా తెలియజేసేదేమంటే, ఇకమీదట ఏ ప్రకృతి విపత్తులోనైనా, ప్రకృతి ఎంత బతిమాలినా సరే, నేను దానికి సాయం పట్టను.