ఓడల రష్యన్ డ్యాన్సుకు నేను "ఎస్" అన్న ముచ్చట

మోకాళ్లు గట్టిగున్నోళ్లు ఇది నిలబడి చదివినా ఏం కాదు. నా అసొంటోళ్లు మాత్రం జర కుర్చీ ఏసుకోని చదువుండ్రి. నడిసముద్రంల, ఓడెడు జనం ముందట, నా ఇజ్జత్ నా చేతులతోనే ఎట్ల తీసుకున్ననో చెప్పబోతున్న.

నాది కొత్తకోటల విత్తనాల దుకాణం. ఒక ఏడాది పత్తి గింజలు బాగ అమ్మిన డీలర్లను కంపెనీ ఓడెక్కిచ్చి శ్రీలంక దాంక తిప్పుకొచ్చింది. నేను, నా భార్య పద్మ పోయినం. నాగర్‌కర్నూల్ డీలరు మల్లేశ్ గూడ వచ్చిండు. ఆయన భార్య నీళ్లంటే భయమని ఇంట్లనే ఉన్నది.

ఓ నాడు పొద్దుగూకంగ మల్లేశ్ నా చెవుల చెప్పిండు. "అన్నా, కింద హాల్ల తంబోలా, గదే నంబర్ల ఆట, ఉన్నదంట. పైన హాల్ల రష్యన్ డ్యాన్సంట. ఏది కావాలంటే దానికి పోవచ్చట."

రష్యన్ డ్యాన్సు అనంగనే మేమిద్దరం ఏమనుకున్నమో ఇక్కడ రాయను. జాతరల రికార్డింగ్ డ్యాన్సు చూసినోళ్లకు చెప్పే పని లేదు, చూడనోళ్లకు చెప్పుడు మంచిది గాదు.

"నాకు కంపెనీ మీటింగ్ ఉన్నది. నువ్వు తంబోలాకు పో," అన్న పద్మతోని.

"ఓడల గూడ మీటింగేనా?"

"ఏం చేస్తం, బిజినెస్ గదా."

"సరే తియ్. పాపం, ఇక్కడ గూడ నీకు తీరిక లేకపాయె," అన్నది.

ఆ పాపం నాకు తగుల్తదని అప్పుడు తెల్వదు.

పై హాలు తలుపు కాడ ఒక తెల్లపిల్ల నిలబడ్డది. నవ్వుకుంట, "విల్ యు జాయిన్?" అన్నది.

"ఏమంటుందన్నా?" అన్నడు మల్లేశ్.

నేను వనపర్తిల డిగ్రీ చదివినోణ్ణి. తెల్వదని ఎట్ల చెప్త? "లోపటికి వస్తరా అంటుంది," అని చెప్పి, "ఎస్, ఎస్" అన్న. మల్లేశ్ బెదిరిపోయి "నో, నో" అన్నడు. ఆ పిల్ల నన్ను పక్క తలుపుల నుంచి తోల్కపోయింది. మల్లేశ్ అక్కడనే ఉండిపాయె. ఇంగ్లీషు రాకుంటే మనిషి ఎంత నష్టపోతడో అని ఆయన మీద జాలి పడ్డ.

లోపట ఒక పెద్దమనిషి నాకు ఎర్ర అంగీ తొడిగి, నడుముకు పట్టీ కట్టి, నెత్తి మీద బొచ్చు టోపీ పెట్టిండు. అద్దంల చూస్తే పెండ్లి బ్యాండోని లెక్క ఉన్న. అయినా సంబరపడ్డ. పెద్ద డీలర్లకు సన్మానం చేస్తున్నరనుకున్న.

అంతల పరద లేసింది. నేను స్టేజీ మీద ఉన్న. అటిటు ఈటెల లెక్కున్న రష్యా పోరగాళ్లు. ముందట జనం. మొదటి వరుసల మల్లేశ్ పాప్‌కార్న్ తింటుండు. ఆయన పక్క కుర్చీల పద్మ. తంబోలా మిషిని ఖరాబై అందరిని పైకి తోలిండ్రంట.

పద్మ నన్ను, మొలకరాని గింజలు వాపస్ తెచ్చిన రైతు మమ్ముల చూసినట్టు చూసింది.

పాట మొదలైంది. పోరగాళ్లు చేతులు కట్టుకోని, గొంతుకూసొని కాళ్లు ఎగజాపుతున్నరు. నేను గూడ కూసున్న. కూసునుడుకు ఏముంది, భూమే గుంజుకుంటది. ఒక కాలు జాపిన. రెండోది రాలే. లేద్దామంటే మోకాళ్లు తాళమేసినట్టు పట్టేసినయి.

పక్కోనితోని మెల్లగ, "తమ్మీ, మోకాలు పట్టింది," అన్న.

"గుడ్, గుడ్," అన్నడు.

చేతులు నేలకు ఆనిచ్చి లేవబోతే, అది గూడ ఆటల భాగమే అనుకోని జనం చప్పట్లు. డీలర్లందరు "కొత్తకోట, కొత్తకోట" అని ఈలలు. ఆఖరుకు ఇద్దరు రష్యావోళ్లు నన్ను కూసున్నోణ్ణి కూసున్నట్టే, లారీకి మూట ఎత్తినట్టు ఎత్తి, స్టేజీ అంత తిప్పి మెట్ల కాడ దించిండ్రు.

పద్మ వచ్చి పక్కన కూసున్నది. "మీటింగ్ల గిట్లనే కూసోబెడ్తరా?"

"ముందుగాల కాలు గుంజు పద్మా."

గుంజింది. గుంజుకుంటనే మెల్లగ అన్నది, "డ్యాన్సు చూద్దాం రా అంటే నేను రానంటినా? నాకు గూడ చూడాలని ఉండదా?"

నెత్తి మీది బొచ్చు టోపీ తీసి ఒళ్లె పెట్టుకున్న. మిగిలిన డ్యాన్సు ఇద్దరం పక్కపక్కన కూసొని చూసినం. మంచిగ చేసిండ్రు. మేము అనుకున్నదానికి, అక్కడ చూసినదానికి ఏం సంబంధం లేదు.

తెల్లారి కుంటుకుంట నాష్టకు పోయిన. ఇగ తెల్వని ఇంగ్లీషుకు ఎస్ అనొద్దని గట్టిగ అనుకోనే పోయిన. వడ్డించేటాయన వచ్చి ఏందో అడిగిండు. "నో," అన్న. మళ్ల అడిగిండు. దండం పెట్టి "నో" అన్న. ఆయన పద్మ దిక్కు తిరిగిండు. పద్మ చెయ్యి తిప్పి, "ఏంది?" అన్నది, అచ్చ తెలుగుల. ఆయన చేతులతోనే గుండ్రంగ చూపిచ్చిండు. పద్మ తలూపింది.

మనోళ్ల కోసమని ఆ పొద్దు ప్రత్యేకంగ దోసెలు పోసిండ్రంట. పద్మ దోసె తింటుంటే నేను డబల్‌రొట్టె నములుకుంట చూస్తున్న.

అందుకే ఆ సముద్రం సాక్షిగ, నా రెండు మోకాళ్ల సాక్షిగ ప్రమాణం చేసిన. ఇగ ఎవరు ఏ భాషల ఏమడిగినా ఎస్ అన, నో అన. చెయ్యి ఎత్తి పద్మ దిక్కు చూపిస్త.