వైరు చివరి బల్ల

మా వదిన ఇస్త్రీ చేసిన దుప్పటి మీద చీమ నడిస్తే జారిపడుతుందని మా లాండ్రీలో ఒకప్పుడు అనేవాళ్ళు. తర్వాత ఆ నోళ్ళే ఆమెకి నిదానమ్మ అని పేరు పెట్టాయి. మధ్యలో మారింది ఆమె చెయ్యి కాదు, ఆమె నిలబడే బల్ల.

అన్న పోయాక పనిలో చేరింది. నేనక్కడ తడి మూటలు మోసేవాణ్ణి, ఇప్పటికీ మోస్తున్నాను. ఆస్పత్రి దుప్పట్లు, లాడ్జీల దిండు గలేబులు. పొడుగాటి గదిలో గోడ వెంబడి ఏడు బల్లలు, వాటి మీద పాత కంబళ్ళు, ఒక్కోదానికి ఒక కరెంటు ఇస్త్రీ పెట్టె. మొదట్లో ఆమెది గుమ్మం పక్క బల్ల. యజమాని బావమరిది పనిలో చేరినప్పుడు, గాలి తగులుతుందని అది అతనికిచ్చి ఆమెని ఆ చివరికి పంపారు.

"ఎక్కడైతేనేం మరిదీ, ముడత ముడతే కదా" అని నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళిపోయింది.

అక్కడినించి ఆమెకి కష్టం మొదలైంది. అందరూ మూట ముగించేసరికి ఆమెది సగంలో ఉండేది. ఒకసారి రుద్దితే పోవాల్సిన ముడత మూడుసార్లు రుద్దినా పోయేది కాదు. పెట్టె మీద ఎర్ర దీపం ఆరేదే కాదు. కావలసిన వేడి ఇంకా ఎక్కలేదని దానర్థం. వేడి చాలనిచోట బలం పెట్టి నొక్కేది. సాయంత్రానికి దువ్వెన పట్టుకోవడానికి కూడా భుజం లేచేది కాదు.

"పెట్టె కాలట్లేదు సార్" అని యజమానితో చెప్పింది.

"ఆడలేక మద్దెల ఓడందట" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు.

కొత్త పెట్టె ఇచ్చారు. దాని తీరూ అంతే. ఇక దోషం చేతిదేనని అందరూ తేల్చేశారు. "మిగతావాళ్ళతో సమానంగా తియ్యకపోతే ఇంకొకర్ని చూసుకుంటానమ్మా" అని యజమాని అందరి ముందూ అనేశాడు. ఆ పని తప్ప ఆమెకి చేతనైన పని ఇంకోటి లేదు.

ఒకరోజు బట్టలుతికే మిషను బాగుచెయ్యడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వెళ్ళబోతుంటే వదిన ఆపింది.

"తమ్ముడూ, నా పెట్టెని కూడా ఒకసారి చూసి పో."

"నాడి చూడాలా అక్కా?" అని నవ్వుతూ మీటరు తీశాడు. యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు. పెట్టెలన్నీ నడుస్తూ ఉండగానే ముందు గుమ్మం పక్క బల్ల దగ్గర చూశాడు. రెండు వందల ఇరవై అయిదు వోల్టులు, నాలుగుంపావు ఆంపియర్లు. తర్వాత వదిన బల్ల దగ్గర చూశాడు. నూట ఎనభై వోల్టులు, మూడున్నరకి కాస్త తక్కువ ఆంపియర్లు.

"వోల్టేజీ అంటే కరెంటుని తోసే బలం. ఆంపియర్లంటే పారే కరెంటు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, పెట్టెలో తీగ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో తెలుస్తుంది" అని ఫోనులో నొక్కి చూపించాడు. "ఇక్కడా యాభై మూడు ఓములే, అక్కడా యాభై మూడే. కవలపిల్లలు సార్ ఇవి. పెట్టెలో లోపం లేదు."

"చెప్పానా?" అన్నాడు బావమరిది.

"ఆగండి. ఇప్పుడు భాగించకుండా గుణించాలి. అది పవరు, అంటే వేడి. మీ దగ్గర తొమ్మిది వందల యాభై వాట్లు దాటింది. అక్క దగ్గర ఆరు వందల పది. గుమ్మం దగ్గర మొదలై ఏడింటికీ ఒకే వైరు, అదీ సన్నం, పైగా పాత అతుకులు. దారిపొడుగునా వోల్టేజీని తినేసి, మిగిలిన ఎంగిలి ఈవిడకిస్తోంది."

బావమరిది తన పెట్టె మీద లేని దుమ్ము తుడుచుకున్నాడు. వదిన చెయ్యి ముందుకు చాపి, తిప్పి చూసుకుంది. "అయితే దీని తప్పు కాదన్నమాట" అంది. ఆ ముఖంలో అంత వెలుగు అన్న పోయాక నేను చూడలేదు.

"కొత్త వైరు వెయ్యాలంటే?" అన్నాడు యజమాని.

"గోడంతా తవ్వాలి. రెండు రోజులు పని ఆపాలి."

"ఆపితే ఆస్పత్రివాళ్ళు ఇంకో లాండ్రీ చూసుకుంటారు."

నేను ఉండబట్టలేక అన్నాను, "వంతులేసుకుందాం సార్. ఆ చివర రోజుకొకరు నిలబడతారు."

"ఎందుకూ? వంతులవారీగా అందరూ నిదానమ్మలవడానికా?" అని, ఎలక్ట్రీషియన్ వైపు తిరిగాడు. "ఈ ఆఖరిది పీకేస్తే మిగతా ఆరింటికీ వోల్టేజీ పెరుగుతుందా?"

అతను వదిన వైపు చూశాడు.

"చెప్పవయ్యా."

"పెరుగుతుంది సార్. వైరులో పారే కరెంటు తగ్గుతుంది కాబట్టి ఆ తినేదీ తగ్గుతుంది."

"అయితే పీకెయ్."

"ఆమె తప్పు లేదని లెక్కే చెప్పింది కదా సార్!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

"ఆమె తప్పని నేనెక్కడన్నాను? బల్లది తప్పు. బల్ల తీసేస్తున్నా."

"మరి నేనూ?" అంది వదిన.

"బల్ల లేకుండా ఎక్కడ నిలబడతావమ్మా?"

అది ప్రశ్నలా అడిగాడు, ఆమె జవాబు చెప్పాలన్నట్టు. ఎలక్ట్రీషియన్ ప్లగ్గు లాగి, తీగ చుట్టి, పెట్టె మీద పెట్టి, ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. కాసేపటికి పక్క బల్లామె దీపం ఆరింది. ఆవిడ పెట్టెకి వేడి ఎక్కింది. ఆవిడ గబగబా ఇంకో దుప్పటి అందుకుంది. ఆవిణ్ణేమంటాం, ఆవిడ కడుపు ఆవిడది.

బల్లని బయటున్న కొట్టుగదిలో పడెయ్యమని యజమాని నాకే చెప్పాడు. కాదంటే మర్నాడు నేనూ ఉండను. కాదనలేదు. కంబళి తీసి, ఒక వైపు ఎత్తాను.

"ఒక్కడివే ఏంటి? నడుం పట్టేస్తుంది" అంటూ వదిన వచ్చి రెండోవైపు పట్టుకుంది. ఊరికే చెయ్యి ఆనించు వదినా, బరువంతా నా మీదికి రానీ అన్నాను. వినలేదు. ఆ లేవని భుజంతోనే ఎత్తింది. ఆరు బల్లలనీ దాటుకుంటూ ఇద్దరం మోసుకెళ్ళాం.

"గుమ్మం దగ్గర కాస్త వంచు మరిదీ" అంది. "వాళ్ళ గోడ గీసుకుంటుంది."